చట్టం లేని కట్టుబడి

తెల్లవారుజామున, చీకటి ఇంకా విడకముందే, గిద్దలూరు నుండి నల్లమల వైపు పోయే బాట మీద అడుగుల చప్పుడు వినవస్తుంది. పదిమంది పదిహేనుమంది యువకులు వరుసగా పరుగెత్తుతూ ఉంటారు. బాట ప్రక్కన నిలుచున్నవాడు గడియారం చూస్తూ నిమిషాలు లెక్కపెడుతూ ఉంటాడు. పదహారు వందల మీటర్ల దూరాన్ని ఐదున్నర నిమిషాలలోపల ముగించినవానికి సైనిక నియామక పరీక్షలో 60 మార్కులు. అడ్డకడ్డీ పట్టుకొని పదిమార్లు పైకి లేచినవానికి మరి 40 మార్కులు. ఆపైన తొమ్మిది అడుగుల గుంటను ఒక్క దూకులో దాటవలె. కంభం, కొమరోలు, రాచర్ల, బేస్తవారిపేట ప్రాంతాల గ్రామాలలో ఈ లెక్కలు పదవ తరగతి చదివే పిల్లలలో చాలమందికి కంఠస్థం.

ఈ యువకులను ఏ చట్టమూ పిలువలేదు. రాకపోతే శిక్షించే అధికారి ఎవరూ లేరు. అయినను తండ్రి తరువాత కొడుకు, అన్న తరువాత తమ్ముడు ఈ బాట మీదికి వస్తూనే ఉన్నారు. సైన్యంలోని జనబలాన్ని పెంచుకొనుటకు నిర్బంధ సైనిక సేవను తిరిగి తేవలెనా అనే చర్చ ప్రపంచంలో మరల మొదలైన ఈ కాలంలో, ఆ ప్రశ్నను పశ్చిమ ప్రకాశం నేల మీద నిలబడి పరిశీలించుట అవసరం. ఢిల్లీలో గాని, ఐరోపా రాజధానులలో గాని కనిపించని ఒక విషయం ఇక్కడ కనిపిస్తుంది.

ముందుగా ప్రపంచం సంగతి. బ్రిటన్ 1960లో నిర్బంధ సేవకు పిలుపులు ఆపివేసినది. అమెరికా వియత్నాం యుద్ధపు చివరి దశలో, 1973లో ఆ పద్ధతిని విరమించినది. ప్రచ్ఛన్న యుద్ధం ముగిసిన తరువాత ఐరోపా దేశాలు ఒకటొకటిగా అదే దారి పట్టినవి. స్వీడన్ 2010లో, జర్మనీ 2011లో నిర్బంధ సేవను ప్రక్కన పెట్టినవి. ఇక పెద్ద యుద్ధాలు రావని, వచ్చినా కొద్దిమంది నిపుణులు, ఎక్కువ యంత్రాలు చాలునని అప్పటి నమ్మకం. ఆ నమ్మకం ఎంతోకాలం నిలువలేదు. లిథువేనియా 2015లోనే నిర్బంధ సేవను తిరిగి తెచ్చుకొన్నది. స్వీడన్ 2017లో అదే నిర్ణయం తీసుకొన్నది. 2022లో రష్యా ఉక్రెయిన్ పైకి దండెత్తినప్పటి నుండి ఈ ధోరణి బలపడినది. యంత్రాలెన్ని ఉన్నను కందకంలో నిలువవలసినవాడు మనిషేనని ఆ యుద్ధం చూపినది. 2025 డిసెంబరులో జర్మనీ పార్లమెంటు క్రొత్త సైనిక సేవా చట్టాన్ని ఆమోదించినది. పద్దెనిమిదేండ్లు నిండిన ప్రతి యువకుడు సేవకు తన సంసిద్ధతను తెలుపుతూ ఒక ప్రశ్నపత్రం నింపవలె. చేరుట మాత్రం అతని ఇష్టం.

మన దేశంలో నిర్బంధ సైనిక సేవ స్వాతంత్ర్యం తరువాత ఎన్నడూ లేదు. తేవలెనంటే రాజ్యాంగం అడ్డు రాదు. వెట్టిచాకిరిని నిషేధించిన 23వ అధికరణమే, ప్రజాప్రయోజనం కొరకు నిర్బంధ సేవను విధించే అధికారాన్ని రాజ్యానికి మిగిల్చినది. అట్లు విధించేటప్పుడు మతం, జాతి, కులం, వర్గం అనే కారణాలతో భేదం చూపరాదని కూడా ఆ అధికరణం చెప్పినది. 1976లో చేర్చిన ప్రాథమిక విధులలో, పిలుపు వచ్చినప్పుడు దేశరక్షణకు, జాతీయ సేవకు పూనుకొనుట పౌరుని ధర్మమని ఉన్నది. అధికారం ఉన్నది, ధర్మం చెప్పబడినది, పిలుపు మాత్రం రాలేదు.

బ్రిటిషువారి కాలంలో ఒక విచిత్రం జరిగినది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1917లో చేసిన భారత రక్షణ దళ చట్టం ఈ దేశంలోని ఐరోపా జాతి బ్రిటిషు ప్రజలకు మాత్రమే సైనిక సేవను నిర్బంధం చేసినది. రెండవ యుద్ధకాలంలో 1940లో వచ్చిన చట్టం కూడ వారికే వర్తించినది. భారతీయులందరూ స్వచ్ఛందంగా వచ్చినవారేనని ప్రభుత్వం చెప్పుకొన్నది. మొదటి యుద్ధంలో సుమారు 13 లక్షలమంది భారతీయులు సేవ చేసినారు. 1939లో రెండు లక్షల ప్రాంతాన ఉన్న సైన్యం 1945 నాటికి 25 లక్షలను మించినది. నిర్బంధం లేకుండ ప్రపంచంలో సమకూడిన అతి పెద్ద సైన్యంగా చరిత్రకారులు దానిని పేర్కొంటారు.

అయితే స్వచ్ఛందం అనే మాటను కొంచెం విప్పి చూడవలసి ఉన్నది. 1917, 1918 సంవత్సరాలలో పంజాబులో గ్రామాధికారులకు ఇంతమందిని పంపవలెనని లెక్కలు కట్టి ఇచ్చినారు. పంపలేని గ్రామం మీద ఒత్తిడి పడినది. కాగితం మీద అది స్వచ్ఛంద సేవ. ఊరిలో అది నిర్బంధం. ఇక ఆకలితో వచ్చినవానిని ఏమనవలె? చట్టం బలవంతం చేయలేదు, అధికారి బలవంతం చేయలేదు, వాన పడని ఆకాశం బలవంతం చేసినది. ఈ మూడవ రకపు పిలుపును గురించి చట్టాలలో ఒక్క మాట కూడ ఉండదు. పశ్చిమ ప్రకాశానికి బాగా తెలిసినది ఈ పిలుపే.

ఈ ప్రాంతంలో మనిషికీ ఆయుధానికీ గల సంబంధం ప్రాతది. పాలెగాండ్ర కాలంలో కట్టుబడి అనే ఏర్పాటు ఉండినది. ఊరికి కావలి కాయుట, అవసరమైనప్పుడు పాలెగాని పిలుపు మీద ఆయుధం పట్టుట కట్టుబడివాని పని. అందుకు ప్రతిఫలంగా అతనికి మాన్యం భూమి. భూమికి కట్టుబడి మనిషి, మనిషికి కట్టుబడి భూమి. అది సమానుల మధ్య ఒప్పందం కాదు. పాలెగాని పిలుపును కాదనే స్వేచ్ఛ అతనికి లేదు. కాని ఆయుధం పట్టినవాని కుటుంబానికి రేపటి కూడు ఎక్కడిదనే ప్రశ్నకు అందులో ఒక జవాబు ఉండినది.

1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేసినాడు. దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పాలెగాండ్ర సైనికబలాన్ని అణచివేసినాడు. తరువాతి దశాబ్దాలలో కట్టుబడి మాన్యాలను కంపెనీ ప్రభుత్వం తిరిగి తీసుకొనసాగినది. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి లేచినప్పుడు, మాన్యాలు పోయిన కట్టుబడివారు ఆయన వెంట నడిచినారు. కోవెలకుంట్ల ఖజానాతో మొదలైన ఆ పోరాటం నల్లమల దాటి గిద్దలూరు వైపు సాగినది. 1847 ఫిబ్రవరి 22న నరసింహారెడ్డిని కోవెలకుంట్లలో ఉరితీసినారు. ఆ తిరుగుబాటును వీరగాథగా అందరూ ఎరుగుదురు. దాని అడుగున ఉన్న ఒక చిన్న సత్యాన్ని తరగతి గదిలో చెప్పుట అరుదు: సేవ చేయించుకొన్న రాజ్యం ప్రతిఫలాన్ని వెనుకకు తీసుకొన్నప్పుడు, ఆ సేవకులే తిరుగబడినారు.

సైన్యంలో తెలుగువాని స్థానం కూడ ప్రభుత్వపు అవసరాన్ని బట్టి మారుతూ వచ్చినది. 1756లో క్లైవు మద్రాసు నుండి సిపాయీలను బంగాళానికి తీసికొనిపోయినాడు. ఆ తరువాత ఉత్తరాదిన సిపాయికి ‘తిలంగా’ అనే పేరే వాడుకలోకి వచ్చినది. తెలుగువాని జాతి పేరే సైనికునికి పర్యాయపదమైనది. నూరేండ్లు గడచిన తరువాత గాలి మళ్లినది. 1881 నుండి 1885 వరకు మద్రాసు సైన్యానికి, 1893 వరకు భారత సైన్యానికి అధిపతిగా ఉండిన రాబర్ట్సు, ఉత్తరాది జాతులే యుద్ధానికి తగినవనే సిద్ధాంతాన్ని బలపరచినాడు. తిలంగాలు ఒక్కసారిగా వీరజాతి జాబితా నుండి జారిపోయినారు. మద్రాసు పటాలాలు క్రమంగా తగ్గి, కొన్ని పూర్తిగా రద్దయినవి. రెండవ ప్రపంచ యుద్ధం వచ్చి లక్షలమంది కావలసి వచ్చినప్పుడు, వీరజాతి సిద్ధాంతం ప్రక్కకు పోయి మద్రాసు రెజిమెంటు మరల వెలసినది. మనుష్యుల శౌర్యం మారలేదు. వారి అవసరం మారినది.

స్వతంత్ర భారతంలో సైన్యం వేగంగా పెరిగినది 1962 చైనా యుద్ధం తరువాత. సైనికుల సంఖ్యను ఎనిమిది లక్షల పాతికవేలకు పెంచుటకు ప్రభుత్వం అప్పుడు నిర్ణయించినది. నిర్బంధ సేవకు ఈ దేశం అతి దగ్గరగా వచ్చినది కూడ ఆనాడే. 1948 చట్టంతో ఏర్పడిన ఎన్.సి.సి.ని 1963లో కళాశాల విద్యార్థులకు తప్పనిసరి చేసినారు. ఐదేండ్లు గడచునప్పటికి శిక్షకులు చాలక, పరికరాలు చాలక, ఉత్సాహమూ తగ్గి, 1968లో దానిని తిరిగి ఐచ్ఛికం చేసినారు. అందరినీ పిలుచుట సులభం, అందరికీ నిజమైన శిక్షణ ఇచ్చుట కష్టం అని ఆ అనుభవం నేర్పినది.

ఇంతకూ మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల యువకుడు సైన్యం వైపు ఎందుకు చూస్తాడు? మొదటి జవాబు దేశాభిమానం. దానిని తక్కువ చేయరాదు. సెలవు మీద వచ్చిన సైనికునికి ఊరిలో లభించే గౌరవం, పాఠశాలలో స్వాతంత్ర్య దినోత్సవం నాడు అతనిచేత జెండా ఎగురవేయించే ఆనవాయితీ, పిల్లల మనస్సులో నాటుకొనే విషయాలు. రెండవ జవాబు ఈ నేల. గుండ్లకమ్మకు అడ్డంగా విజయనగర కాలంలో కట్టిన కంభం చెరువు నిండితే దాని క్రింది పొలాలు పండుతాయి. నిండని ఏడు ఎండుతాయి. తక్కినది వాన మీద ఆధారపడిన మెట్ట. చాలా ఊళ్లలో బోరునీటిలో ఫ్లోరైడు. మార్కాపురం పలకలు ఒకప్పుడు దేశమంతటా పసిపిల్లల చేతిలో ఉండినవి. నోటుపుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చిన తరువాత ఆ గనులలో పని సన్నగిల్లినది. బేల్దారి పనులకు హైదరాబాదుకో, బెంగుళూరుకో కుటుంబాలు తరలిపోతున్నవి. కృష్ణ నీటిని నల్లమల క్రిందుగా సొరంగాలలో తెచ్చే వెలిగొండ పథకానికి శంకుస్థాపన జరిగినది 1996లో. ఆ యేడు పుట్టిన బిడ్డ సైన్యంలో చేరే వయస్సు ఎన్నడో దాటిపోయినాడు.

ఇటువంటి చోట నెలనెలా తప్పక వచ్చే జీతం ఎంతటిదో పట్టణవాసికి అర్థం కాదు. గిద్దలూరులోనో, కంభంలోనో, మార్కాపురం రోడ్డు స్టేషనులోనో రైలెక్కిన కుర్రవాడు పంపిన మనియార్డరుతో అప్పు తీరినది, చెల్లెలి పెండ్లి అయినది, తమ్ముడు డిగ్రీ చదివినాడు. పదిహేనేండ్ల సేవ ముగిస్తే జీవితాంతం పెన్షను. వానితో పాటు సైనికుల ఆసుపత్రి, క్యాంటీను, మాజీ సైనికునిగా ప్రభుత్వోద్యోగాలలో కొంత అవకాశం, ఒక్కొక్కప్పుడు పట్టా భూమి. కట్టుబడివాని మాన్యం రూపం మార్చుకొని పెన్షనుగా తిరిగి వచ్చినదని చెప్పవచ్చు. ముప్పది అయిదు, నలుబది ఏండ్ల వయస్సులో ఊరికి తిరిగి వచ్చిన సైనికుడు కరవుకు లొంగని ఒకే ఒక పంటతో వచ్చినట్లు లెక్క.

2022 జూన్ 14న కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన అగ్నిపథ్ పథకం ఈ లెక్కను మార్చినది. అంతకు ముందు కరోనా కారణంగా రెండేండ్లపాటు నియామకాలు జరుగలేదు. అందుకై ఎదురుచూచిన యువకులకు క్రొత్త షరతులు ఎదురైనవి. పదిహేడున్నర నుండి ఇరువది యొక్క ఏండ్ల వయస్సువారిని నాలుగేండ్లకు తీసికొంటామని అప్పుడు ప్రకటించినారు; ఆ తొలి ఏడు మాత్రం గరిష్ఠ వయస్సును ఇరువది మూడుకు సడలించినారు. నాలుగేండ్ల పిమ్మట నూటికి ఇరువదియైదుగురి వరకు సైన్యంలో కొనసాగుతారు. మిగిలిన డెబ్బది అయిదుగురు ఇంటికి వస్తారు. మొదటి సంవత్సరం నెలకు 30,000 రూపాయలు, నాలుగవ సంవత్సరం 40,000. ఇందులో నూటికి ముప్పది వంతున సేవానిధికి పోతుంది. ప్రభుత్వం అంతే మొత్తం కలుపుతుంది. చివరకు చేతికి వచ్చేది వడ్డీతో సుమారు 11 లక్షల 71 వేల రూపాయలు. పెన్షను లేదు, గ్రాట్యుటీ లేదు. సేవలో మరణిస్తే 48 లక్షల బీమా, విధి నిర్వహణ కారణంగా మరణిస్తే మరి 44 లక్షలు కుటుంబానికి ఇస్తారు. సాధారణ సైనికుని కుటుంబానికి ఉన్న ఫ్యామిలీ పెన్షను మాత్రం లేదు.

ఈ ప్రకటన వెలువడిన మూడవ నాడు, జూన్ 17న, సికింద్రాబాదు రైలు స్టేషనులో అల్లర్లు చెలరేగినవి. రైళ్లు తగులబడినవి, పోలీసు కాల్పులలో వరంగల్ ప్రాంతపు యువకుడొకడు మరణించినాడు. హింసను ఎవరూ సమర్థింపరు. కాని ఆనాడు గుమికూడినవారు సైన్యాన్ని వద్దన్నవారు కారు. సైన్యంలో ఎక్కువకాలం ఉండనిమ్మని అడిగినవారు. నిర్బంధ సేవ ఉన్న దేశాలలో యువకులు తప్పించుకొనుటకు వీధికెక్కుతారు. ఇక్కడ చేరుటకు వీధికెక్కినారు. ఈ తేడాను గమనించకుండ మన దేశంలో నిర్బంధ సేవను గురించి మాట్లాడుట వ్యర్థం.

పథకాన్ని సమర్థించేవారి వాదంలో బలం లేకపోలేదు. సైన్యంలో సగటు వయస్సు తగ్గవలె. హిమాలయాల ఎత్తున పోరాడవలసినవాడు యువకుడై ఉండవలె. పెన్షను భారం పెరిగిన కొలది ఆయుధాలకు డబ్బు తగ్గుతుంది. క్రమశిక్షణ నేర్చిన యువకులు సమాజంలోకి వస్తారు. కేంద్ర సాయుధ పోలీసు దళాలలో వారికి రిజర్వేషనులు కూడ ప్రకటించినారు. ఇవన్నియు యోచింపదగినవే. అయితే ఆదా అయిన పెన్షను ఎవరి ఇంటి నుండి ఆదా అయినది అనే ప్రశ్న మిగిలే ఉన్నది. 2025 మే నెలలో నియంత్రణ రేఖ వద్ద పాకిస్తాను కాల్పులలో శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలానికి చెందిన అగ్నివీరుడు మురళీ నాయక్ అమరుడైనాడు. శత్రువు పేల్చిన గుండుకు నాలుగేండ్ల సైనికుడు, పదిహేనేండ్ల సైనికుడు అనే భేదం తెలియదు.

ఇక నిర్బంధ సేవను కోరేవారి వాదం మరియొకటి. దేశరక్షణ భారం అందరిదీ అయినప్పుడు, మెట్టరైతు కొడుకు మాత్రమే దానిని ఎందుకు మోయవలె? ధనికుని కొడుకు కూడ ఒక ఏడు పటాలంలో గడిపితే యుద్ధాన్ని గురించి తేలికగా మాట్లాడేవారు తగ్గుతారు గదా? ఈ వాదంలో నీతి ఉన్నది. సింగపూరులో 1967 నుండి నిర్బంధ జాతీయ సేవ అమలులో ఉన్నది. అక్కడ పౌరసత్వమో శాశ్వత నివాసమో పొందిన తెలుగు కుటుంబాల కుమారులు కూడ పద్దెనిమిదేండ్లు దాటిన తరువాత రెండేండ్లు సేవ చేయవలసినదే. ఇంజనీరు కొడుకైనా, వర్తకుని కొడుకైనా మినహాయింపు లేదు. అక్కడి తెలుగు యువకుని చట్టం పిలుస్తుంది. గిద్దలూరు యువకుని కరవు పిలుస్తుంది.

కాని సింగపూరు పద్ధతి ఇక్కడ పొసగదు. ఈ దేశంలో ఏటా పద్దెనిమిదేండ్లు నిండేవారు రెండు కోట్లకు పైన. సైన్యానికి ఏటా కావలసినది లక్షకు అటూ ఇటూ. అగ్నిపథ్ మొదటి సంవత్సరం తీసికొన్నది 46,000 మందిని. రెండు కోట్లమందికి తిండి, గుడ్డ, శిక్షణ ఇవ్వగల రాజ్యం లేదు. కనుక చీటీలు తీయవలె. చీటీ ధర్మంగా పడుతుందా? అమెరికాలో వియత్నాం యుద్ధకాలంలో కళాశాల విద్యార్థులకు సేవ వాయిదా వేసే వెసులుబాటు ఉండినది. ఫీజు కట్టగలిగినవాడు తరగతి గదిలో కూర్చున్నాడు. కట్టలేనివాడు అడవిలో పోరాడినాడు. ఆ విమర్శలు ముదిరిన పిమ్మటనే 1969 డిసెంబరులో లాటరీ పద్ధతి పెట్టినారు. వైద్యుని సర్టిఫికెట్టు, పలుకుబడి, విదేశీ చదువు ఉన్నచోట నిర్బంధ చట్టం కూడ పేదవానినే ముందుగా వెదకి పట్టుకొంటుంది. మన అనుభవం ఇంతకంటె మేలుగా ఉండునని నమ్ముటకు ఆధారం లేదు.

కావున నిర్బంధ సేవా, స్వచ్ఛంద సేవా అనేది ఇక్కడ అసలు ప్రశ్న కాదు. సైన్యంలో చేరకపోయినా బ్రదుకగల యువకుడు చేరితేనే అది స్వచ్ఛంద సేవ. వేరు దారి లేనివాడు చేరితే, రాజ్యం అతనికి అంతకంటె ఎక్కువగా ఋణపడినది. ఏలయన, అతని దారులు తెరచి ఉంచవలసిన బాధ్యతలో కూడ అది వెనుకబడినది. ఆ ఋణాన్ని రెండు చోట్ల తీర్చవలె. సరిహద్దులో నిలిచినవానికి, అతడు ఎన్ని ఏండ్లకు చేరినాడో చూడకుండ, గాయానికీ మరణానికీ సమానమైన రక్షణ ఉండవలె. ఊరిలో నీరు, పని, చదువు ఉండవలె. అప్పుడు పరుగెత్తేవాడు తన ఇష్టంతో పరుగెత్తుతాడు. అటువంటి సైనికుడే దేశానికీ బలం.

2022 చివరలో, 2023 ఆరంభంలో చేరిన తొలి అగ్నివీరుల నాలుగేండ్ల గడువు 2026-27 సంవత్సరాలలో ముగిసేది. వారిలో నూటికి డెబ్బది అయిదుగురిది చిన్న వయస్సులోనే రెండవ జీవితం. చేతిలో కొంత సొమ్ము, శరీరంలో శక్తి, మనస్సులో క్రమశిక్షణ ఉన్న ఈ యువకులకు ఊరు ఏమి చూపగలదన్నది పశ్చిమ ప్రకాశం ఎదుట నిలిచిన పరీక్ష.

ఇందులో ఉపాధ్యాయుని పాత్ర చిన్నది కాదు. 2023 నుండి నియామక పద్ధతి మారి, పరుగుకు ముందు కంప్యూటరు మీద వ్రాతపరీక్ష వచ్చినది. దానిని తెలుగులో కూడ వ్రాయవచ్చును. సాధారణ సైనికునిగా చేరుటకు పదవ తరగతిలో మొత్తం మీద నూటికి 45 మార్కులు, ప్రతి విషయంలో కనీసం 33 ఉండవలె. అనగా పటాలానికి మొదటి వాకిలి బడి గదిలోనే ఉన్నది. గణితం బాగా చెప్పిన ఉపాధ్యాయుడు ఒక పిల్లవానికి ఆ వాకిలి తెరుస్తాడు. అదే గణితంతో పాలిటెక్నిక్ వాకిలి, ఉపాధ్యాయ శిక్షణ వాకిలి, మరి పది వాకిళ్లు కూడ తెరువవచ్చు. పదవ తరగతి సర్టిఫికెట్టు చేతికిచ్చేటప్పుడు ‘ఏమి కావలెననుకొంటున్నావురా’ అని అడిగితే, గిద్దలూరు ప్రాంతపు పిల్లవాడు తడుముకొనకుండ ‘ఆర్మీకి పోతాను సార్’ అంటాడు. ఆ జవాబు విని గర్వపడవలసినదే. గర్వపడిన తరువాత, ‘అది దొరకకపోతే?’ అని రెండవ ప్రశ్న కూడ అడుగవలె. దానికి ఆ పిల్లవాని వద్ద మరియొక జవాబు ఉన్ననాడు అతడు కట్టుబడివాడు కాడు, పౌరుడు.